శనివారం క్లాసు ఆగిన సంగతి

రాజోలు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో మా నాటక సమాజం కొన్నాళ్ళు శనివారాలు పిల్లలకి క్లాసు నడిపింది. అది మధ్యలోనే ఆగిపోయింది. ఆగిపోవడానికి కారణం ఆ స్కూలు తెలుగు టీచరుగారని, ఆవిడ మా సమాజాన్ని అవమానించి పంపేశారని మా చుట్టుపక్కల చాలామంది అనుకుంటారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అబద్ధం చెప్పి ఆ గొడవ తెచ్చిందని కూడా అంటారు. రెండూ నిజం కావు. రెండూ నా వల్ల పుట్టినవే. సమాజం వార్షికోత్సవ సంచికలో "పాఠశాలవారి సహాయ నిరాకరణ కారణంగా" అని రాసింది నేనే. టీచరుగారు ఇప్పుడు వేరే మండలంలో పనిచేస్తున్నారు. ఆ అమ్మాయి అమలాపురంలో ఇంటర్ చదువుతోంది. నిజం చెప్పిన వాళ్ళిద్దరి మాటకీ విలువ లేకుండా పోయింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పగలు సహకార సంఘంలో గుమాస్తాని. సాయంత్రాలు హార్మోనియం వాయిస్తాను. మా సమాజం పౌరాణిక నాటకాలు ఆడుతుంది. మా వాళ్ళకి నాటకం అంటే పరిషత్తు. పరిషత్తు అంటే పోటీ. ఏ ఊళ్ళో నాటక పోటీలు పెట్టినా డబ్బాలూ కిరీటాలూ వ్యాన్లో వేసుకుని వెళ్ళడం, షీల్డు తెచ్చి ఆఫీసు గదిలో పెట్టుకోవడం. ఇంకోరకంగా నాటకం ఆడొచ్చని మాలో ఎవరికీ తోచేది కాదు.

ఇక్కడ శ్రుతి గురించి కొంచెం చెప్పాలి. మా సమాజం పెట్టిన పెద్దాయన గొప్ప గొంతున్న మనిషి. మైకులు లేని రోజుల్లో ఆయన పద్యం ఎత్తుకుంటే కాలవ అవతల గట్టు మీదవాళ్ళకి వినపడేదట. ఆయన నాలుగు శ్రుతిలో పాడేవారు. అంటే హార్మోనియం మీద నాలుగో తెల్లమెట్టుని ఆధారం చేసుకుని పాడడం. మామూలు గొంతుకి అది బాగా ఎత్తు. ఆయన పోయాక కూడా మా వాళ్ళు ఆ శ్రుతి దించలేదు. వేషం కట్టాలని వచ్చిన ప్రతివాడూ ముందు నాలుగుకి అందాలి. అందకపోతే "నీకు శ్రుతి లేదురా, ప్రాంప్టింగు చూసుకో" అంటాం. వాడు నవ్వేసి తెర చాటునించి మాటలందించే పని చూసుకుంటాడు. పక్క ఊరి సమాజం మూడుకి దిగిపోయిందని మేం చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నాం. నిజానికి శ్రుతి దించడానికి ఏ కష్టమూ లేదు. నా చెయ్యి హార్మోనియం మీద కాస్త ఎడమవైపు జరిగితే చాలు. కానీ ఆ జరగడం మాలో పరువు తక్కువ.

టీచరుగారు మా ఆఫీసు గదికి వచ్చిన రోజు నేనూ, మా ప్రెసిడెంటుగారూ ఉన్నాం. ఆయన రిటైరైన తెలుగు పండితుడు, వేదం చదువుకున్న ఇంటివాడు. వయసులో ఉండగా కృష్ణుడి వేషానికి పేరుపడ్డారు. టీచరుగారు కుర్చీ అంచున కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, విషయం చెప్పారు. శనివారం పిల్లలు పుస్తకాల సంచులు తేనక్కర్లేదు. ఆ రోజు ఆటలూ పాటలూ నేర్పాలి. స్కూల్లో డ్రాయింగు మాస్టారూ లేరు, సంగీతం టీచరూ లేరు.

"మీరెవరైనా వచ్చి రెండు గంటలు చెప్తారేమోనని అండీ," అన్నారు.

"అదృష్టం అమ్మా. అంతకంటేనా," అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఒక్కటేనండీ. ఎనిమిదో తరగతి మొత్తం కూర్చుంటారు. పాడగలిగినోళ్ళూ, పాడలేనోళ్ళూ, అల్లరోళ్ళూ అందరూనండీ. ఎవర్నీ పక్కన పెట్టకూడదు."

"ఆయ్, తప్పకుండా," అన్నాను నేను.

ఆవిడ వెళ్ళాక ప్రెసిడెంటుగారు, "మన తరవాత ఈ గదిలో దీపం పెట్టేవాడు లేడనుకున్నానోయ్. ఆ పిల్లల్లో నలుగురు దొరికినా చాలు," అన్నారు. ఆయన అందరూ అనలేదు, నలుగురు అన్నారు. ఆ తేడా అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

మొదటి శనివారాలు బాగా జరిగాయి. మా సమాజం చేసిన మంచి పని ఏదైనా ఉంటే అవే. హార్మోనియం స్కూటరు మీద కట్టుకుని వెళ్ళేవాణ్ణి. ప్రెసిడెంటుగారు వెనక కూర్చుని దాన్ని పట్టుకునేవారు. మధ్యాహ్న భోజనం వంటగదిలోంచి చక్కెర పొంగలి వాసన వస్తూండేది. హార్మోనియం చూడగానే పిల్లలు, "దీంట్లో సినిమా పాటలొస్తాయాండీ?" అని అడిగారు. ప్రెసిడెంటుగారు మొహం చిట్లించారు. నేను వాయించాను. గదంతా ఎగిరి గంతులేసింది.

టీచరుగారు ఒక ఆట పెట్టారు. ఒక్కొక్కరూ తలుపులోంచి లోపలికి రావాలి, తమకి తెలిసిన మనిషి ఎవరో ఒకరిలా నడిచి, మాట్లాడి చూపించాలి. ఒకడు తన తాతలా తుమ్ముతూ వచ్చాడు. ఒకమ్మాయి హెడ్మాస్టారిలా వచ్చి అందర్నీ లేచి నిలబడమంది, వెనక వరసవాళ్ళు నిజంగానే లేచారు.

నేను చెప్పబోయే అమ్మాయి అప్పుడు వచ్చింది. సముద్రం దగ్గరి ఊరినుంచి వచ్చే పిల్ల. వాళ్ళ నాన్నది చేపల వేట. అమ్మ మలికిపురం సంతలో చేపలమ్ముతుంది. ఆ అమ్మాయిది బొంగురు గొంతు, వయసుకి మించిన గొంతు. ఆమె గోదావరి దాటించే పంటు మీద టిక్కెట్లు కొట్టే మనిషిలా వచ్చింది.

"ముందు బైకులండీ, బైకులు! ఆడోళ్ళు పక్కకి జరగాలమ్మా! ఏవండీ లావుపాటి మాస్టారూ, మధ్యలో నిలబడండి, మీరు ఆ చివర నిలబడితే పంటు ఒరిగిపోద్ది! ఆ మేక ఎవరిదండీ? మేకకి టిక్కెట్టు తీసేరా?"

లావుపాటి మాస్టారు నేనే. ప్రెసిడెంటుగారు పైపంచెతో కళ్ళు తుడుచుకున్నారు. "మేకకి నేనిస్తానులేవే టిక్కెట్టు," అన్నారు.

అదే అమ్మాయి ఇంకో శనివారం, వాళ్ళూళ్ళో ఆడవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ పాడుకునే పాట ఒకటి పాడింది. అది మెల్లగా మొదలై ఒకే చోట తిరుగుతూ ఉంటుంది. పిల్లలు బెంచీల మీద దరువు వేశారు. నేను ఆమె గొంతు వెతుక్కుంటూ మెట్ల మీద కిందికి వెళ్ళాను. రెండు శ్రుతి దగ్గర ఆమె దొరికింది. పాట అయిపోయేవరకూ అక్కడే వాయించాను. ప్రెసిడెంటుగారు ఏమీ అనలేదు. అది క్లాసు, స్టేజీ కాదు.

తరవాత కొత్తపేట వైపు ఒక ఊళ్ళో పరిషత్తు పెడుతున్నారని, ఆ ఏడు బాలల నాటికలకి కూడా పోటీ ఉందని తెలిసింది. ప్రెసిడెంటుగారు ఆ కబురు మోసుకుని మా ఇంటికి వచ్చారు.

"ఇంత శ్రమపడి తయారుచేసి పరిషత్తుకి పంపకపోతే ఎలాగోయ్? ఎవరికి తెలుస్తుంది మనం చేసిన పని?"

"టీచరుగారు అందరికీ అన్నారు కదండీ," అన్నాను.

"అందరికీ చెప్దాం. కొందరు ఆడతారు, మిగతావాళ్ళు చూసి నేర్చుకుంటారు. మనం అలా నేర్చుకున్నవాళ్ళమే కదా?"

నిజమే అనిపించింది. ఆయనే ఒక చిన్న పౌరాణిక నాటిక రాశారు. పద్యాలు పెట్టారు. పాడే పిల్లల్ని ఎంచే పని నాకిచ్చారు.

ఆ శనివారం టీచరుగారు ట్రైనింగుకి వెళ్ళారు. ఆవిడ లేనిరోజు చూసి మేం ఈ పని పెట్టుకోలేదు. కానీ ఆవిడ లేరని తెలిసి ఆగనూ లేదు. బల్లమీద హార్మోనియం పెట్టి, నాలుగో మెట్టు మీద వేలు పెట్టి కూర్చున్నాను. ఒక్కొక్కళ్ళూ వచ్చి పద్యంలో మొదటి పాదం పాడాలి. అందినవాళ్ళు లోపల, అందనివాళ్ళు వరండాలో. పెద్దవాళ్ళని ఎంచేటప్పుడు ఎలా చేస్తామో అలాగే చేశాను. వేరే పద్ధతి ఉందని నాకు తెలియదు అనలేను, కిందటి నెలలోనే వేరేగా చేశాను కదా. కానీ పరిషత్తు అనేసరికి చెయ్యి దాని అలవాటు ప్రకారం అది పోయింది.

ఆ అమ్మాయి ఉత్సాహంగానే వచ్చింది. ఎత్తుకుంది. పైకి వెళ్ళలేక ఆగింది. మళ్ళీ తనంతట తను కొంచెం దించి ఎత్తుకుంది. ఆ కింది స్థాయిలో పాదం అంతా తప్పులేకుండా పాడింది. పాడి నావైపు చూసింది, నేను దిగి వస్తానని. నేను నాలుగో మెట్టు మీద వేలితో టకటకా కొట్టి, "ఇక్కడమ్మా, ఇక్కడ," అన్నాను. ఆమె మళ్ళీ ప్రయత్నించింది. అందలేదు.

"నీకు శ్రుతి లేదమ్మా. నువ్వు తెర దగ్గర ఉండు," అన్నాను.

మగవాళ్ళతో రోజూ అనే మాట అది. వెనకనించి ఒక కుర్రాడు "తెర మేడమ్!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజునుంచీ ఆమెని అలాగే పిలిచారు.

తరవాతి శనివారం టీచరుగారు వచ్చేసరికి లోపల ఆరుగురు పిల్లలు పద్యాలు వల్లిస్తున్నారు. మిగిలిన క్లాసంతా వరండాలో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటోంది.

"మాస్టారండీ, మిగిలినోళ్ళెందుకండీ బయటున్నారు?"

ప్రెసిడెంటుగారు పరిషత్తు సంగతి చెప్పారు. ఆవిడ విని, లోపలున్న ఆరుగురినీ ఒకసారి చూశారు.

"ఎవరి పిల్లలొచ్చేరో చూసేరాండీ?"

నేను అప్పుడు చూశాను. ఆరుగురిలో ఐదుగురు ఇళ్ళలో శ్లోకాలూ పద్యాలూ వినపడే వీధులవాళ్ళు. ఆరోవాడు పాస్టరుగారబ్బాయి.

"వాళ్ళకి ఇంట్లోనే వచ్చేసిందండీ. మిగిలినోళ్ళ కోసమే కదండీ మీ గుమ్మమెక్కింది," అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. "నేనడిగింది క్లాసండీ. మీరు జట్టు కట్టేరు."

"పరిషత్తు అయిపోనివ్వండమ్మా. తరవాత అందరికీ చెప్తాం," అన్నారు ప్రెసిడెంటుగారు. ఆవిడ ఒప్పుకున్నారు. ఇష్టంలేకుండా ఒప్పుకున్నారని తెలుస్తూనే ఉంది. ఒక షరతు పెట్టారు, పోటీకి క్లాసు మొత్తం రావాలని, కనీసం చూడ్డానికైనా.

ఈలోగా ఒకరోజు ఆ అమ్మాయి వాళ్ళమ్మ మా సహకార సంఘానికి వచ్చింది. సంతనించి నేరుగా వచ్చింది. ఖాళీ గంప చంకన ఉంది. ఎరువుల కోసం వచ్చిన రైతులు వరసలో ఉన్నారు. ఆవిడ వాళ్ళందరూ అయ్యేవరకూ గోడవార నిలబడబోయింది. నేనే పిలిచాను.

"బాబుగారూ, మా పిల్ల ఇంట్లో పాట మానేసిందండి. పొద్దస్తమానూ ఏదో ఒకటి పాడతానే ఉండేదండి. ఇప్పుడు నోరిప్పదండి. గొంతులో ఏదో లోపం ఉందని మీరన్నారంటండి. డాక్టరుగారికి చూపించమంటారా అండి?"

వరసలో ఎవరో నవ్వారు. నాకు సిగ్గేసింది, ఆవిడ తరఫున కాదు, నా తరఫున. రైతుల ముందు హార్మోనియం సంగతి ఎత్తడం నాకు ఇష్టం ఉండదు. "లోపం ఏం లేదమ్మా. అందరికీ అన్నీ రావు కదా. చదువుకోమను," అన్నాను. ఆవిడ "ఆయ్" అంది. వెళ్ళిపోయింది. ఆ పిల్ల గొంతు బావుందని, ఎత్తు నేను పెట్టిందని, అది దించుకోవచ్చని చెప్పడానికి ఎంతోసేపు పట్టేది కాదు. చెప్పలేదు.

పోటీ మధ్యాహ్నం పూట జరిగింది. ముందురోజు వానకి హాలు ముందంతా బురద. మా రాజు వేషం కుర్రాడికి రొంప పట్టింది. స్టేజీ పక్కన నేను హార్మోనియంతో, నా పక్కన మా తబలా ఆయన. ఆయన కూడా సమాజంలో పాతవాడే. మాకు కాస్త వెనగ్గా తెర తాడు పట్టుకుని ఆ అమ్మాయి. టీచరుగారు పిల్లలతో నేలమీద ముందు వరసలో కూర్చున్నారు.

మొదటి పద్యం గడిచింది. రెండో పద్యం మధ్యలో కుర్రాడి గొంతు చీలింది. తరవాత పాదం ఇంకా పైకి పోవాలి. వాడు నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. పాదానికీ పాదానికీ మధ్య తబలా మోగుతూండగా నా చెయ్యి జరిగింది. రెండు శ్రుతికి దించేశాను. ఆలోచించి చేసింది కాదు. వాడు అందుకున్నాడు, హాయిగా పాడాడు. నాటిక చివరిదాకా అక్కడే నడిపాను. హాల్లో ఎవరూ గమనించినట్టు లేదు. రెండో బహుమతి వచ్చింది.

తెర పడగానే ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. తాడు ఇంకా చేతిలోనే ఉంది.

"మాస్టారండీ, మధ్యలో దించేరు కదండీ?"

మొహంలో తప్పుపట్టడం ఏమీ లేదు. సంతోషంగా అడిగింది. ఒక విషయం పట్టుకున్నానన్న సంతోషం. పద్యం మధ్యలో మెట్టు మారితే పట్టుకోవాలంటే చెవి ఎలాంటిదై ఉండాలో నాకు తెలుసు. శ్రుతి లేదని నేను తేల్చిన పిల్లకి నేను వేషాలిచ్చిన సగంమందికంటే మంచి శ్రుతిజ్ఞానం ఉందని ఆ క్షణంలోనే తెలిసింది. పక్కన ప్రెసిడెంటుగారు జడ్జీలతో మాట్లాడుతున్నారు. పక్క ఊరి సమాజంవాళ్ళు కూడా అక్కడే ఉన్నారు.

"నేనేం దించలేదు. తెర దించింది నువ్వు," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. నా చేతులవైపు చూసి వెళ్ళిపోయింది.

తిరిగివచ్చేటప్పుడు బస్సులో పిల్లలు ఆమెని "తెర మేడమ్" అని ఏడిపిస్తూంటే, ఆమె "రాజుగారికైతే దించేరు, నాకైతే దించలేదు" అందట. అది క్లాసంతా పాకింది. శనివారం మేం వెళ్ళి కూర్చోగానే రాజు వేషం కుర్రాడు లేచాడు. కళ్ళనిండా నీళ్ళు.

"సార్, నేను నాలుగులో పాడలేదంట సార్. మీరు దించేరని ఇది అందరికీ చెప్తోంది సార్."

ప్రెసిడెంటుగారు నావైపు తిరిగారు. గదిలో క్లాసంతా ఉంది, టీచరుగారు ఉన్నారు.

"ఏమోయ్, మన సమాజం శ్రుతి దించిందా?"

అది ప్రశ్నలా లేదు. ఎదురుగా ఆ అమ్మాయి నిలబడి ఉంది. నేను అవునంటే పోయేది పెద్దాయన పేరు, ప్రెసిడెంటుగారి పరువు, నా పరువు. కాదంటే పోయేది ఒక పిల్ల మాట. అంత విడమరిచి అప్పుడు ఆలోచించానని చెప్పను. "లేదండీ" అన్నాను.

"పెద్దవాళ్ళ మీద అలా చెప్పకూడదమ్మా," అన్నారు ఆయన ఆ అమ్మాయితో.

"దించేరండీ. నాకు వినపడిందండీ," అని ఆమె కూర్చుంది.

టీచరుగారు లేచారు. "మా పిల్ల అబద్ధం ఆడదండీ," అన్నారు.

"అయితే మేం ఆడుతున్నామా?" ప్రెసిడెంటుగారు కండువా భుజాన వేసుకున్నారు.

"కూర్చోండి మాస్టారూ. వెళ్ళమని నేననడం లేదండీ. దించితే మాత్రం తప్పేముందండీ? ఆ అబ్బాయికి దించినట్టే అందరికీ దించండి. ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్ళకి. నేను మొదట్నించీ అడుగుతోంది అదేనండీ."

"శ్రుతి సంగతి మాకు మీరు చెప్పాలా అమ్మా?" అని ఆయన బయటికి నడిచారు. నేను హార్మోనియం మడిచి స్కూటరుకి కట్టాను. టీచరుగారు గేటుదాకా వచ్చారు. నాతో మాత్రమే అన్నారు:

"వచ్చే శనివారం కూడా గది తెరిచే ఉంచుతానండీ."

ఉంచారట. ఆ ఏడాది చివరివరకూ శనివారాలు పిల్లల్ని ఆ గదిలోనే కూర్చోబెట్టి, తనకి వచ్చినంతలో ఏవో ఆటలు ఆడించారట. మేం వెళ్ళలేదు. కాబట్టి క్లాసు ఆపింది ఆవిడ కాదు. మేం మానేశాం.

తరవాత సంచికలో నేను ఆ వాక్యం రాశాను. టీచరుగారికి మామూలు బదిలీల్లో బదిలీ అయితే, మా సమాజంతో పెట్టుకున్నందుకే అయిందని కొందరు గొప్పగా చెప్పుకున్నారు. నేను ఖండించలేదు. ఆ పిల్ల ఎదురుపడితే "ఏవమ్మా, ఇవాళేం వినపడింది?" అని బజారులో మావాళ్ళే హాస్యమాడడం చూశాను. అప్పుడూ ఊరుకున్నాను.

ఈ మధ్య ఇంకో స్కూలువాళ్ళు శనివారాలకి రమ్మని మా సమాజాన్ని అడిగారు. కమిటీ కూర్చుంది. "ఆ టీచరులాంటి మనిషి, ఆ పిల్లలాంటి పిల్ల తగిలితే మళ్ళీ తలనొప్పే," అని ఒకరన్నారు. నేను అప్పుడు చెప్పాను, ఆ రోజు శ్రుతి దించానని. గొడవ అవుతుందనుకున్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. తబలా ఆయన చాప అంచు సర్దుతున్నాడు. ఆయన తబలా నాలుగుకి బిగించి ఉంది, నేను దించగానే తబలా, హార్మోనియం కలవకుండా పోయి ఉండాలి. ఆయనకి తెలియకుండా ఉండే వీలే లేదని నాకు అప్పుడు తట్టింది.

"తెలుసోయ్," అన్నారు ప్రెసిడెంటుగారు. ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనడం లేదు, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. "నాకూ వినపడింది."

"మరి పిల్లలందరి ముందూ నన్నెందుకండీ అడిగేరు?"

"నువ్వు లేదంటావని తెలుసు కనక."

ఆయనే మళ్ళీ, "ఆ పిల్లకి మాత్రం అన్యాయమే జరిగిందిలే," అన్నారు. తరవాత కాఫీలు వచ్చాయి. కొత్త స్కూలు విషయం వాయిదా పడింది.

టీచరుగారికి ఫోను చేశాను. నేను చెప్పిందంతా విని, "ఆయ్, సరేనండీ," అన్నారు. ఆవిడకి ఇది కొత్త సంగతి కాదు. "నాకు చెప్పి ఏం లాభమండీ. నేనెప్పుడూ ఆ అమ్మాయినే నమ్మేను. వెళ్ళి దానికి చెప్పండి. సెలవలకి ఇంటికొచ్చి ఉంటుంది," అని, ఫోను పెట్టేసేముందు, "ఇప్పుడున్న స్కూల్లో కూడా పాట చెప్పేవాళ్ళు లేరండీ," అన్నారు.

ఆదివారం వాళ్ళూరు వెళ్ళాను. అమ్మ ఇంటిముందు ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ తెచ్చి వేసింది. అమ్మాయి లోపల్నించి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పొడుగైంది. నేను చెప్పాల్సింది చెప్పాను. పోటీ రోజు దించానని, లేదని ఆడింది అబద్ధమని, ఆమె గొంతులో ఎప్పుడూ ఏ లోపమూ లేదని.

అమ్మ చేతులు ఆగాయి. "ఆరోజు ఆఫీసుకొచ్చి అడిగేను కదండి బాబుగారూ," అంది. మళ్ళీ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది.

"దించేరని నాకు తెలుసండీ," అంది అమ్మాయి.

"ఇప్పుడు పాడుతున్నావా అమ్మా?"

"లేదండీ. కాలేజీలో అడిగేరు. రాదని చెప్పేను."

ఏదైనా చెయ్యగలనా అని అడిగాను. ఆమె కొంచెం ఆలోచించింది.

"నాకు ఒక్కదానికే చెప్తే ఎలాగండీ? లేదన్నది క్లాసందరి ముందూ కదండీ. అవునన్నది కూడా వాళ్ళ ముందే అనాలి."

న్యాయంగా అడిగింది. కానీ ఆ క్లాసు ఇప్పుడు లేదు. కొందరు అమలాపురం, కాకినాడ కాలేజీల్లో ఉన్నారు. కొందరు రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తున్నారు. ఒకమ్మాయికి పెళ్ళయింది. రాజు వేషం కుర్రాడు హైదరాబాదులో ఉన్నాడట. వాళ్ళందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టడం నా వల్ల కాదు. అందుకే ఇది రాసి, అచ్చుకి ఇస్తున్నాను. సంచికలో నా వాక్యం పడిన చోటే ఇదీ పడాలని మా కమిటీని అడిగాను. వాళ్ళు వెయ్యకపోతే ఇంకెక్కడైనా వేయిస్తాను.

ఆ ఎనిమిదో తరగతిలో కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మిగిలినవాళ్ళకి చూపించమని కోరుతున్నాను. ఆ రోజు మీ అందరి ముందూ నేను అబద్ధమాడాను. ఆ అమ్మాయి సరిగ్గా విన్నది, విన్నదే చెప్పింది.